యానాం నుంచి నరసాపురం దాకా: క్యాంపర్ వ్యానులో ఒంటరిగా కోనసీమ దాటే రోజుకు కావలసిన జాగ్రత్తలు

క్యాంపర్ వ్యానులో ఒంటరిగా సుదీర్ఘ ప్రయాణం చేసేవారికి గోదావరి డెల్టాలో గడిచే రోజు కిలోమీటర్ల లెక్కలో చిన్నది, పనుల లెక్కలో పెద్దది. యానాం దగ్గర ఎదుర్లంక వంతెన మీద గోదావరి పాయల్లో ఒకటైన గౌతమిని దాటి, ముమ్మిడివరం మీదుగా అమలాపురం చేరి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ పాయను దాటి, రాజోలు, మలికిపురం మీదుగా అంతర్వేది వెళ్ళి, తిరిగి సఖినేటిపల్లి రేవుకు వచ్చి పంటు (బండ్లనూ మనుషులనూ నది దాటించే పడవ) మీద వశిష్ఠ పాయను దాటి నరసాపురంలో దిగడానికి నూరు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మ్యాపులో చూసినవారు మధ్యాహ్న భోజనానికే నరసాపురం చేరవచ్చని అనుకుంటారు. ఇరుకు గట్లు, లాకుల (కాలువ తలుపుల) వంతెనలు, రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం, కిందికి వేలాడే కరెంటు తీగలు, పోటును బట్టి కదిలే పంటు కలిసి ఆ నూరు కిలోమీటర్లను పూర్తి పగటి పనిగా మారుస్తాయి.

ఇద్దరున్న బండిలో ఒకరు స్టీరింగు పట్టుకుంటే మరొకరు దిగి వెనక్కి చూస్తారు, దారి అడుగుతారు, చక్రం కింద రాయి పెడతారు. ఒంటరిగా వెళ్ళేవారికి ఆ రెండో మనిషి ఉండరు. డెల్టాలో ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావరకు ఆ లోటు వల్ల వచ్చేవే కనుక, ఇక్కడ చెప్పబోయేదంతా ఆ రెండో మనిషి పనిని ఎప్పుడు మనమే దిగి చేసుకోవాలి, ఎప్పుడు ఊరివారిని అడగాలి అన్నదాని గురించే.

ఏ నెలలో వెళ్ళాలి

డిసెంబరు రెండో పక్షం నుంచి ఫిబ్రవరి చివరి దాకా ఈ ప్రయాణానికి అనువైన కాలం. జూలై నుంచి సెప్టెంబరు వరకు గోదావరికి వరదలు వస్తాయి. ధవళేశ్వరం దగ్గర సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ నుంచి దిగువకు వదిలే నీరు 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది జారీ చేస్తారు. వార్తల్లో మొదటి హెచ్చరిక మాట వినిపించిందంటే అప్పటికే లంకల (నది మధ్య దీవుల) వైపు వెళ్ళే కాజ్‌వేలు మునిగే పరిస్థితి వచ్చిందనీ, రేవుల్లో పంటులు ఆగిపోతాయనీ గ్రహించి వ్యానును జాతీయ రహదారి వైపే ఉంచాలి. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే ఏటా వార్తల్లోకి వచ్చేది ఇందుకే. పుస్తెలమ్మి అయినా పులస తినాలని సామెత విని వచ్చేవారికి ఒక మాట చెప్పాలి: గోదావరిలోకి ఎర్రనీరు దిగినప్పుడే పులస ఎదురెక్కుతుంది కాబట్టి ఆ చేప కాలమూ వరద కాలమూ ఒకటే. ఆ కూర తినాలనుకుంటే రైల్లో రావడం మంచిది.

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా తుపానుల భయం ఉంటుంది. 1996 నవంబరు 6న వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను నేలమట్టం చేసిన సంగతి ఇక్కడి పెద్దలు ఇప్పటికీ చెబుతారు. అనువైన నెలల్లోనూ రెండు సందర్భాలు తప్పించుకోవాలి. సంక్రాంతి మూడు రోజులూ ప్రతి ఊరి రోడ్డూ అల్లుళ్ళ కార్లతో నిండిపోతుంది; కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి అంబాజీపేట చుట్టుపక్కల దారులన్నీ జనంతో కిటకిటలాడతాయి. భీష్మ ఏకాదశి ప్రాంతంలో అంతర్వేదిలో లక్ష్మీనరసింహ స్వామి కల్యాణం జరుగుతుంది. ఆ రోజుల్లో సఖినేటిపల్లి నుంచి లోపలికి పెద్ద బండి తీసుకువెళ్ళాలని అనుకోకూడదు.

బండి సిద్ధం చేయడం

వ్యాను లోపల మంచం, పొయ్యి, ట్యాంకు అమర్చి ఉంటే ఆ మార్పు ఆర్‌సీలో నమోదై ఉండాలి. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడం గురించి మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను చెబుతుంది. మొత్తం బరువు 7,500 కిలోలు మించని బండికి ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు సరిపోతుంది. కాగితాల సంగతి అంతటితో వదిలేసి, అంతకంటే ఎక్కువగా అక్కరకు వచ్చే పని చెబుతాను. సోలార్ పలక, పైకప్పు ఫ్యాను మూత కూడా కలుపుకుని బండి ఎత్తునూ, పక్క అద్దాలు విప్పి ఉన్నప్పటి వెడల్పునూ టేపుతో కొలిచి, ఆ అంకెలను అడుగుల్లో రాసి డ్రైవరు కళ్ళెదుట అంటించాలి. ఊళ్ళో ఎవరినైనా మూడు మీటర్ల బండి పడుతుందా అని అడిగితే చెప్పలేరు. పదడుగుల ఎత్తు బండి అంటే తలెత్తి తీగ వైపు చూసి వెంటనే చెబుతారు.

సామానులో మామూలుగా ఉండేవాటికి తోడు నాలుగు గోనె సంచులు, జాకీ కింద వేయడానికి అడుగున్నర పొడవున్న మందపాటి చెక్క, చిన్న పార, చక్రాల కింద పెట్టే చెక్క దిమ్మలు, టైర్లలో గాలి నింపే పన్నెండు వోల్టుల పంపు, బలమైన టో తాడు ఉండాలి. ఒండ్రు మట్టిలో జాకీ తిప్పితే బండి లేవదు, జాకీ దిగిపోతుంది. అందుకే ఆ చెక్క.

యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలోనిది కనుక అక్కడ డీజిలు ఆంధ్రప్రదేశ్ బంకుల కంటే చవకగా దొరుకుతుంది, ట్యాంకు నిండా పోయించుకోవచ్చు. మద్యం సీసాలు మాత్రం బండిలో పెట్టుకుని వంతెన దాటకూడదు. తనిఖీలో దొరికితే ఆ రోజు ప్రయాణం అక్కడితో ముగిసినట్టే. తాగునీటి టిన్నులు అమలాపురంలోనే తీసుకోవాలి, ఎందుకంటే తీరం వైపు వెళ్ళేకొద్దీ బోరు నీటిలో ఉప్పదనం పెరుగుతుంది.

గట్టు మీద బండి

జాతీయ రహదారి 216 మీద ఉన్నంతసేపు పెద్దగా ఇబ్బంది లేదు. ఫోనులోని మ్యాపు దగ్గరి దారి పేరుతో కాలువ గట్టు ఎక్కించినప్పుడు అసలు పని మొదలవుతుంది. మ్యాపుకు గట్టు వెడల్పు తెలియదు, దాని మీదుగా వేలాడే సర్వీసు తీగ తెలియదు. కనుక రహదారి వదిలి పక్కకు తిరిగే ప్రతి చోటా బండి ఆపి, దిగి, అక్కడి టీ కొట్టులోనో ఎరువుల దుకాణంలోనో ఒక ప్రశ్న అడగాలి. ఈ దారిలో వ్యాను వెళుతుందా అని అడిగితే ప్రయోజనం లేదు, గోదావరి జిల్లాల మర్యాద కొద్దీ వెళుతుందనే చెబుతారు. అడగవలసింది ఇలా:

“ఏమండీ, ఈ గట్టు మీదికి స్కూలు బస్సు వస్తుందాండీ?”

“ఆయ్, వత్తాదండి. లాకుల కాడ మాత్రం అవతలికి రాదండి, అక్కడే తిప్పేసుకుంటాడండి.”

ఈ ఒక్క జవాబులో కావలసినదంతా ఉంది. స్కూలు బస్సు దాదాపు మన వ్యానంత ఎత్తు, వెడల్పు ఉండి, రోజూ రెండు పూటలా తిరుగుతుంది కనుక అది వెళ్ళే మేర తీగలూ కొమ్మలూ అడ్డం రావని తెలుస్తుంది. లాకుల వంతెన దాని వెడల్పుకు సరిపోదని తెలుస్తుంది. బండి తిప్పుకోవడానికి చోటు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. ధాన్యం లారీ వెళుతుందన్న సమాధానాన్ని మాత్రం అంతగా నమ్మకూడదు, ఎందుకంటే లారీ డ్రైవరు పక్కన క్లీనరు ఉంటాడు.

గట్టు మీద నడిపేటప్పుడు చక్రాలు రోడ్డు మధ్యనే ఉండాలి. అంచు చూడటానికి గట్టిగానే కనిపించినా, కాలువ నీరు లోపలి నుంచి నానబెడుతూ ఉంటుంది కనుక బరువైన బండి చక్రం పడితే పెళ్ళగా విరిగి జారుతుంది. ఎదురుగా ట్రాక్టరు వస్తే కాలువ వైపు సర్దుకోవడం కంటే, చేలోకి దిగే ర్యాంపు దగ్గర ముందే ఆగి లైటు వేసి అతన్ని రమ్మనడం మేలు. అలాంటి ర్యాంపులు దాటినప్పుడల్లా గుర్తుపెట్టుకుంటూ వెళితే వెనక్కి ఎంత దూరం వెళ్ళాలో తెలుస్తుంది.

వెనక్కి నడపవలసి వస్తే ముందు దిగి, వెళ్ళవలసిన దూరమంతా నడిచి చూడాలి. ఆగవలసిన చోట ఒక కర్రకు ఎర్రగుడ్డ కట్టి, డ్రైవరు వైపు అద్దంలో కనిపించేలా గుచ్చాలి. ఈలోగా సాయానికి ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు. వచ్చినవారు బండి వెనక నిలబడి “రానీయ్, రానీయ్” అని ఉత్సాహంగా అంటూనే ఉంటారు, బండి దేనికో తగిలాక కూడా ఒకటి రెండు సార్లు అంటారు. అందుకని వారికి ముందే రెండు మాటలు చెప్పాలి: “బాబాయ్ గారూ, నా అద్దంలో మీరు కనపడేలా పక్కకు నిలబడండి. మీరు కనపడకపోతే నేను ఆపేస్తాను, మీరు చేయి ఎత్తినా ఆపేస్తాను.” బండికీ గోడకూ మధ్య గానీ, బండికీ కాలువకూ మధ్య గానీ ఎవరినీ నిలబడనీయకూడదు.

సార్వా కోతల తరువాత నవంబరు, డిసెంబరుల్లోనూ, దాళ్వా కోతల తరువాత ఏప్రిల్ ప్రాంతంలోనూ రోడ్డులో సగం మేర ధాన్యం ఆరబోసి ఉంటుంది. అంచు వెంట రాళ్ళు పేర్చుతారు. ధాన్యం మీదుగా చక్రం నడపకూడదు. అది రైతు ఏడాది కష్టమన్నది ఒక సంగతైతే, ఎండిన గింజల మీద బ్రేకు పట్టక బండి జారుతుందన్నది మరొకటి. మిగిలిన సగంలో చోటు చాలదనిపిస్తే హారను మోగించకుండా దిగి అడిగితే వారే వచ్చి ధాన్యాన్ని పక్కకు లాగుతారు. రొయ్యల లోడు వెళ్ళిన దారిలో నీరు కారి రోడ్డు నున్నగా ఉంటుంది, అక్కడ వేగం తగ్గించాలి. చీకటి పడ్డాక ఆ రాళ్ళు కనిపించవు, వెనక లైట్లు లేని ట్రాక్టర్లూ కనిపించవు కనుక సూర్యాస్తమయం తరువాత డెల్టా లోపలి రోడ్ల మీద బండి నడపకూడదన్నది నా నిశ్చితాభిప్రాయం.

చక్రం దిగబడితే

అంతర్వేది తీరంలోనో, వాన పడిన మర్నాడు తోట అంచునో ఒక చక్రం దిగబడిందనుకుందాం. మొదటి నిమిషంలో చేసే పనిని బట్టే తక్కిన రెండు గంటలు గడుస్తాయి. చక్రం ఊరికే తిరుగుతోందని తెలియగానే యాక్సిలరేటరు వదిలేయాలి, ఎందుకంటే ఒండ్రులో తిరిగే చక్రం తన గుంటను తానే లోతు చేసుకుంటుంది. ఇంజను ఆపి, హ్యాండు బ్రేకు వేసి, దిగి, బండి పొట్ట నేలకు ఆనిందా లేదా అని వంగి చూడాలి.

పొట్ట ఆనకపోతే పని మన చేతుల్లోనే ఉంది. ఇంజను శక్తి అందే చక్రాల ముందూ వెనకా మట్టిని పారతో ఏటవాలుగా తీసి, గోనె సంచులు పరిచి, వాటి మీద కొబ్బరి మట్టలు అడ్డంగా వేయాలి. ఎండు మట్టల కంటే పచ్చి మట్టలు మేలు. ఎండినవి చక్రం కింద నలిగి పొడైపోతాయి, పచ్చివి వంగి పట్టునిస్తాయి. తోట యజమానిని అడిగితే మట్టలకు డబ్బు తీసుకోరు గానీ, అడగకుండా తీస్తే మాట పడాలి. ఇసుకలో అయితే టైర్లలో గాలి కొంత తగ్గించి, తారు రోడ్డు ఎక్కగానే పంపుతో తిరిగి నింపాలి. స్టీరింగు తిన్నగా పెట్టి, వచ్చిన దారినే వెనక్కి, అతి నెమ్మదిగా కదపాలి.

పొట్ట ఆనితే ట్రాక్టరు కావాలి. ఒంటరిగా ఉన్నవారు తొందరలో ఎవరు ఎక్కడ తాడు కట్టినా సరేనంటారు, అది ప్రమాదం. తాడును కంపెనీ ఇచ్చిన టో హుక్కుకే కట్టాలి తప్ప బంపరుకో ఇరుసు కడ్డీకో కట్టకూడదు. తాడు తెగితే కొరడాలా వచ్చి కొడుతుంది కనుక చూడవచ్చిన పిల్లలను తాడు పొడవుకు రెండింతల దూరం పంపేదాకా ట్రాక్టరును కదలనీయకూడదు. డబ్బు ఎంతన్నది లాగకముందే మాట్లాడుకోవాలి.

సఖినేటిపల్లి రేవు

రేవుకు మధ్యాహ్నం మూడు గంటలలోపు చేరేలా రోజును అమర్చుకోవాలి. పంటు దొరకకపోతే మలికిపురం మీదుగా దిండి వైపు వెళ్ళి చించినాడ వంతెన దాటవచ్చు గానీ, శీతాకాలంలో సూర్యాస్తమయం ఐదున్నరకూ ఆరుకూ మధ్యే కనుక ఆ చుట్టుదారికి వెలుగు మిగిలి ఉండాలి. వంతెన మీద బరువైన బండ్లకు ఆంక్షలేమైనా ఉన్నాయా అని కూడా రేవులోనే అడగాలి.

ఇక్కడ వశిష్ఠ సముద్రానికి చేరువగా ఉంటుంది కాబట్టి నదిలోనూ పోటు, పాటు ఉంటాయి. పోటుకూ పోటుకూ మధ్య సుమారు పన్నెండున్నర గంటలు పడుతుంది, మర్నాడు అదే పోటు ముప్పావుగంటకు పైగా ఆలస్యంగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి ప్రాంతాల్లో నీటి ఎత్తులో తేడా ఎక్కువ. పోటు మీద పంటు ఒడ్డుకు దాదాపు సమంగా నిలుస్తుంది. పాటు మీద రేవు వాలు నిటారుగా బయటపడి, పంటు కిందికి దిగి ఉంటుంది. మోటారు సైకిళ్ళకు ఈ తేడా పట్టదు. వెనక చక్రం తరువాత బాడీ పొడుగ్గా ఉండే వ్యానుకు పడుతుంది, ముందు చక్రాలు పలక ఎక్కే వేళకు వెనక బంపరు నేలకు రాసుకుంటుంది.

కాబట్టి టిక్కెట్టు తీసుకోవడానికి ముందే బండిని పైన ఆపి, నడిచి దిగి, ఒక పంటు వచ్చి ఖాళీ అయి మళ్ళీ నిండేదాకా ఒడ్డున నిలబడి చూడాలి. ఒడ్డుకూ పంటుకూ మధ్య వేసే పలకలు ఎంత వెడల్పున ఉన్నాయి, బండి ఎక్కినప్పుడు పంటు ఎంత ఒరుగుతోంది, దిగేటప్పుడు వాలు ఎంత ఉందన్నవి గమనించాలి. తరువాత పంటు నడిపే సరంగుతో బండి బరువు, పొడవు దాచకుండా చెప్పి ఎక్కించుకుంటారా అని అడగాలి. పోటు వచ్చేదాకా ఆగమంటే ఆగాలి, వద్దంటే మారు మాట లేకుండా దిండి దారి పట్టాలి. ఆయనను ఒప్పించడానికి ప్రయత్నించకూడదు.

ఎక్కే ముందు గ్యాసు సిలిండరు మూసివేయాలి, లోపలి సామాను కట్టేయాలి, రెండు వైపులా కిటికీ అద్దాలు పూర్తిగా దించాలి. మొదటి గేరులో, క్లచ్చు మీద కాలు ఆడించకుండా, పలకల మీద ఆగకుండా ఒకే ఊపున ఎక్కాలి. సరంగు చూపిన చోట నిలిపి, ఇంజను ఆపి, గేరులో ఉంచి, హ్యాండు బ్రేకు వేసి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాలి. నది దాటుతున్నంతసేపు సీటు బెల్టు పెట్టుకుని లోపల కూర్చోకుండా దిగి పక్కన నిలబడాలి. నీటి మీద ఉన్న బండిలో బెల్టు పెట్టుకోవడం రక్షణ కాదు.

రాత్రి బస

నరసాపురం వైపు దిగాక రాత్రికి చోటు వెతకడంలో ఆవరణ ఉన్న లాడ్జీని మొదట, అనుమతి ఇచ్చే పెట్రోలు బంకును తరువాత అడగాలి. పంటు దొరకక దిండి వైపు వెళ్ళినవారు అక్కడి పర్యాటక సంస్థ రిసార్టులో అడగవచ్చు. కాలువ గట్టు, ఇసుక తీరం, లంక భూమి రాత్రి బసకు పనికిరావు. కొబ్బరి చెట్టు కింద అసలే ఆపకూడదు. కాయ పడితే సోలార్ పలక పగలడంతో ఆగదు, పైకప్పు కూడా లోపలికి వంగుతుంది. బండి ముఖం బయటి రోడ్డు వైపు ఉండేలా నిలిపి, మంచం మీద నుంచి డ్రైవరు సీటుకు నేరుగా రాగలిగేలా మధ్యలో సామాను లేకుండా చూసుకోవాలి. అనుమానం కలిగితే తలుపు తీయకుండానే వెళ్ళిపోగలగాలి.

వంట గ్యాసు గాలి కంటే బరువైనది కనుక కారితే కిందే పేరుకుంటుంది. నేల మట్టంలో గాలి బయటకు పోయే రంధ్రం తెరిచి ఉండాలి. దోమలకు భయపడి అన్నీ మూసి పొయ్యి వెలిగించడం, ఇంజను నడుస్తుండగా ఏసీ వేసుకుని నిద్రపోవడం ప్రాణాంతకం. కిటికీలకు దోమతెర కట్టి ఫ్యాను వేసుకుంటే చాలు. పన్నెండు వోల్టుల, నూరు ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో సుమారు 1,200 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. 30 వాట్ల ఫ్యాను ఎనిమిది గంటలు తిరిగితే 240 ఖర్చవుతుంది, అదే ఏసీ అయితే ఆ బ్యాటరీ మీద రాత్రంతా నడవదు.

మరుగుదొడ్డి డబ్బాను బస్టాండులోని సులభ్ కాంప్లెక్సులో, నడిపేవారిని అడిగి ఖాళీ చేయాలి. కాలువలో పోయడం గురించి ఆలోచించకూడదు. దిగువ ఊళ్ళ మంచినీటి చెరువులు నిండేది ఆ కాలువ నీటితోనే.

ఇంటి దగ్గర ఒక్క మనిషిని ముందే ఒప్పించి, బయలుదేరేటప్పుడు, నది దాటాక, రాత్రి నిలిపాక లొకేషను పంపాలి. రాత్రి తొమ్మిది దాకా కబురు రాకపోతే ఫోను చేయాలనీ, పది దాకా జవాబు లేకపోతే 112కు చెప్పాలనీ ఆ మనిషితో గట్టిగా మాట్లాడుకోవాలి. బండి నంబరు, రంగు, ఆ రోజు దారి ఆ మనిషి దగ్గర కాగితం మీద రాసి ఉండాలి. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033, ఆరోగ్యం చెడితే 108. మన రక్తపు గ్రూపు, వాడే మందులు, ఇంటివారి నంబరు, ఈ మూడు అత్యవసర నంబర్లు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి, డ్రైవరు వైపు తలుపు తీయగానే కనిపించేలా లోపలి వైపు అంటించాలి.